ఔషధమునకు తోడు ఆదరణము

హెచ్.ఐ.వి. సోకినవారికి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ ఔషధమిచ్చు పద్ధతి మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమైనది. నాడు ఎనిమిది వైద్యశాలలలో మాత్రమే మొదలైన యీ కార్యము క్రమముగ జిల్లా జిల్లాకును వ్యాపించినది. ఒకప్పుడు పూటకు గుప్పెడు మాత్రలు మ్రింగవలసిన వారికి నేడు దినమునకొక్క మాత్ర చాలుచున్నది. దానిని క్రమము తప్పక సేవించినవారు తక్కినవారివలెనే పనిపాటలు చేసికొని, బిడ్డలను కని, వార్ధక్యము వరకు జీవింపగలరని వైద్యులు నిస్సంశయముగ చెప్పుచున్నారు. అంతియే కాదు, రక్తములో వైరసు పరీక్షకు అందనంతగ అణగియున్నవారినుండి దాంపత్యమువలన ఇతరులకు వ్యాధి సంక్రమింపదనియు పరిశోధనలు స్థిరపరచినవి. ఇట్టి స్థితిలో, ఈ వ్యాధికి సంబంధించిన కారణములచేత 2023లో మన దేశమున 35,000కు పైగా జనులు మరణించిరని ప్రభుత్వమువారి అంచనాలే చెప్పుచున్నవి. ఔషధము చేత నుండియు ప్రాణము నిలువకుండుటకు హేతువేమని ప్రశ్నింపక తప్పదు.

ఈ ప్రశ్నకు సమాధానము లెక్కలలోనే కలదు. 2023 అంచనాలనుబట్టి దేశములో హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు 25 లక్షలకు పైబడియున్నారు. 2024 డిసెంబరు 1వ తేదీన, ప్రపంచ ఎయిడ్సు దినమున, కేంద్రారోగ్యశాఖవారు ప్రకటించినదానిని బట్టి వీరిలో నూటికి 81 మంది తమ స్థితిని ఎరుగుదురు. ఎరిగినవారిలో నూటికి 88 మంది చికిత్స పొందుచున్నారు. చికిత్స పొందుచున్నవారిలో నూటికి 97 మందికి వైరసు అణగియున్నది. ఈ మూడంకెలను ఒకదాని ప్రక్క నొకటి యుంచి చూడవలయును. కడపటి యంకె ఔషధముయొక్క శక్తిని చాటుచున్నది. మొదటి రెండును మన యేర్పాటులయందలి దౌర్బల్యమును చాటుచున్నవి. తమకు వ్యాధి గలదని తెలిసియు చికిత్సలో లేనివారు, ఈ అంకెలనుబట్టి గణించినచో, సుమారు రెండున్నర లక్షలమంది యగుచున్నారు. వీరందరును ఒకనాడు పరీక్ష చేయించుకొన్నవారే; వీరిలో ననేకుల పేర్లు ఏదో యొక పుస్తకమున నెక్కియే యున్నవి. ఔషధము లేక వారు పోలేదు. గడప దాటి పోవుచున్నప్పుడు పేరుపెట్టి పిలిచి నిలుపువారు లేక పోయిరి.

ముందుగ మనము నడచివచ్చిన దారిని స్మరించుట ధర్మము. 1986లో చెన్నపట్టణమున డాక్టరు సునీతి సాలమన్ గారును, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల గారును చేసిన పరిశోధనమువలన ఈ వ్యాధి మన దేశమున ప్రవేశించినదని తొలుత వెల్లడియైనది. ఆ తొలి దినములలో ప్రభుత్వములకు తోచిన యుపాయము నిర్బంధమే. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా యను యువకుడు రక్తదానము చేయగా వ్యాధి బయటపడినది. అంత మాత్రమున నాతనిని 64 దినములు బంధించి యుంచిరి. 1992లో జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ, అనగా నాకో, ఏర్పడినది. పాశ్చాత్య దేశములలో ఒక్కొక్కరి మందులకు సంవత్సరమునకు పదివేల డాలర్లకు మించి వ్యయమగుచున్న కాలమున, 2001లో, మన సిప్లా సంస్థకు చెందిన యూసఫ్ హమీద్ గారు అవే మందులను 350 డాలర్లకు ఇచ్చెదమని ప్రకటించి లోకమును విస్మయపరచిరి. ఆఫ్రికా ఖండమున లక్షలకొలది ప్రాణములు నిలచుటకు భారతీయ కర్మాగారములు కారణమైనవన్నచో అతిశయోక్తి గాదు. 2017 ఏప్రిల్‌లో హెచ్.ఐ.వి. పీడితుల హక్కుల రక్షణకు చట్టము వచ్చినది. ఆ నెలలోనే, రోగనిరోధకశక్తి క్షీణించువరకు వేచియుండక, వ్యాధి తెలిసిన ప్రతివారికిని వెంటనే ఔషధమీయవలెనను విధానమును కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. లోకమునకు మందునిచ్చిన దేశము తన యింటిలోని వారికి దానిని కడవరకు చేర్పలేకుండుట యెంతటి లాఘవమో పాఠకులే యోచింతురు గాక!

తెలుగువారికి ఈ విషయము పొరుగింటి కథ కాదు. మహారాష్ట్రము, ఆంధ్రప్రదేశము, కర్ణాటకము ఈ మూడును ఈ వ్యాధితో జీవించుచున్నవారి సంఖ్యలో అగ్రస్థానమున నున్నవి. ఆంధ్రప్రదేశములో వీరు మూడు లక్షలకు పైగా గలరు. తెలంగాణమున లక్షన్నరకు పైగా గలరు. ఆంధ్రప్రదేశమున వయోజనులలో వ్యాధి వ్యాప్తి దేశపు సగటుకు సుమారు మూడు రెట్లు. గోదావరి, కృష్ణా, గుంటూరు మండలములు చిరకాలమునుండి ఈ భారమును మోయుచున్నవి. పాలమూరు కూలీలు ముంబయికిని, ఉత్తర తెలంగాణపు యువకులు గల్ఫు దేశములకును, రాయలసీమవారు బెంగుళూరునకును వలసపోవుచుండగా, కుటుంబములు ఒకచోట, చికిత్స ఒకచోట, జీవనోపాధి మరియొకచోట నుండుట మనకు నిత్యానుభవము.

ఇక రోగి నడువవలసిన మార్గమెట్టిదో చూతము. పల్నాటిసీమలో ఒక కూలి స్త్రీ గర్భవతియై పరీక్షకు వచ్చినదనుకొందము. పరీక్షాకేంద్రమువారు ఆమెకు వ్యాధి గలదని నిర్ధారించి, మృదువుగ నాలుగు మాటలు చెప్పి, ఏ.ఆర్.టి. కేంద్రమునకు పొమ్మని చీటీ యిత్తురు. ఆ కేంద్రము ఆమె యూరికి నలుబది యేబది మైళ్లలో నుండవచ్చును. అచ్చట పేరు నమోదు, రక్తపరీక్షలు, క్షయ యున్నదో లేదో చూచుట, సలహాదారుతో సంభాషణము, వైద్యుని దర్శనము, మందుల కిటికీ. ఇవన్నియు ఒక్కనాటితో ముగియవచ్చును, ముగియకపోవచ్చును. పచ్చయట్ట పుస్తకమొకటి చేతికిత్తురు. దానిని ఇంటిలో ఎచ్చట దాచవలెనో ఆమెకు తెలియదు. భర్తకు చెప్పుట యెట్లు? అతనిని పరీక్షకు తెచ్చుట యెట్లు? పురుడు ఎచ్చట? బిడ్డకు మందెప్పుడు, పరీక్షలెప్పుడు? నాటికూలి పోగొట్టుకొని మరల పట్టణమునకు వచ్చుటకు ఛార్జీ లెవరిత్తురు? వీనిలో నొక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క గదిలో ఒక్కొక్క యుద్యోగి గలడు. కాని యీ ప్రశ్నలన్నియు ఒక్కతెవే యని యెరిగి, ఆమె వెంట ఒక గదినుండి వేరొక గదికి నడచువారు లేరు. ఎవరి పని వారు చేసియే యుందురు. మనిషి మాత్రము మధ్యదారిలో తప్పిపోవును.

ఈ లోపమును పూరించుటకే ఇతర దేశములలో ‘కేస్ మేనేజ్‌మెంట్’ అను పద్ధతి పుట్టినది. దీని భావము కఠినమైనది కాదు. ప్రతి రోగికిని పేరు తెలిసిన ఒక కార్యకర్త యుండును. ఆ కార్యకర్త రోగియొక్క ఆరోగ్యమును మాత్రమే గాక, ఇల్లు, ఆహారము, ఉపాధి, కుటుంబము, మనస్సు, అప్పు, భయము ఇవన్నియు విచారించి, ఆతనితో కలసి ఏమి ముందు, ఏమి వెనుక యని యొక యేర్పాటు వ్రాసికొనును. సంబంధించిన వారియొద్దకు పంపుటయే గాక, పని యైనదో లేదో తిరిగి విచారించును. అవసరము తీరినకొలది తన చేయి సడలించి రోగిని తన కాళ్లపై నిలువనిచ్చును. 1983లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ప్రజావైద్యశాలలో ఈ వ్యాధిగ్రస్తులకు ప్రత్యేకముగ శాఖలు తెరచి, వైద్యులు, దాదులు, సంఘసేవకులు ఒక్క జట్టుగ పనిచేసిన పద్ధతి దీనికి మేలుబంతి యైనది. 1990లో, ఈ వ్యాధిచే మరణించిన రయాన్ వైట్ అను బాలుని పేర అమెరికా దేశము చేసిన చట్టము ఇట్టి సేవకు ప్రజాధనమును కేటాయించినది.

దీనివలన ఫలమున్నదా యని సందేహించువారికి ప్రత్యుత్తరము కలదు. ఆ దేశమందే నాలుగు నగరములలో, వ్యాధి క్రొత్తగ తెలిసినవారిని రెండు భాగములు చేసి యొక పరీక్ష జరిపిరి. ఒక భాగమునకు చికిత్సాలయముల చిరునామాలును సమాచారమును ఇచ్చి పంపివేసిరి. రెండవ భాగమునకు ఒక్కొక్క కార్యకర్తను తోడిచ్చిరి. ఆ కార్యకర్త తొంబది దినములలో ఐదు పర్యాయములకు మించి కలిసికొనలేదు. ఫలితములు 2005లో ప్రకటింపబడినవి. ఆరు మాసములలో వైద్యుని చూచినవారు మొదటి భాగమున నూటికి 60 మంది. రెండవ భాగమున 78 మంది. సంవత్సరములో రెండుసార్లయినను చూచినవారు మొదటి భాగమున 49 మంది, రెండవ భాగమున 64 మంది. ఐదు పర్యాయముల పలుకరింపునకు ఇంతటి శక్తి యున్నదన్నచో, నూతన కట్టడములకును యంత్రములకును కోట్లు కుమ్మరించు మన ప్రభుత్వములు దీనిని ఉపేక్షించుట న్యాయము కాదు.

మన దేశమున నిట్టి ప్రయత్నమే లేదనుట అన్యాయమగును. ఏ.ఆర్.టి. కేంద్రములలో సలహాదారులు గలరు, హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారినుండియే ఎన్నుకొనబడిన సంరక్షణ సమన్వయకర్తలు గలరు. 2013లో గ్లోబల్ ఫండు సహాయముతో ‘విహాన్’ అను పేర సంరక్షణ, ఆలంబన కేంద్రములను నెలకొల్పి, చికిత్స మానినవారిని వెదకి తెచ్చు కార్యకర్తలను నియమించిరి. 2017 చివర నాకోవారు ‘మిషన్ సంపర్క్’ అను కార్యక్రమముతో, చికిత్సనుండి జారిపోయినవారిని మరల తెచ్చుటకు పూనిరి. ‘సోచ్’ అను కంప్యూటరు వ్యవస్థతో రోగుల లెక్కలను ఒకచోట కూర్చుచున్నారు. 1097 అను సంఖ్యకు ఫోను చేసినవారికి ఉచితముగ సలహా లభించును. ఇవన్నియు ప్రశంసనీయములే. ఈ సేవకులలో ననేకులు తమ వ్యాధిని తాము మోయుచు, బస్సులలోను, కాలినడకను ఊరూరు తిరిగి, తలుపు తీయని యిండ్లముందు నిలిచి, మాటలు పడి, ప్రాణములు నిలిపిన పుణ్యాత్ములని మేము వ్రాయుటకు సంకోచింపము.

అయినను లోపములు మూడు కన్పట్టుచున్నవి. మొదటిది, మన శ్రమలో అధికభాగము మనిషి తప్పిపోయిన పిమ్మట వెదకుటయందే వ్యయమగుచున్నది; తప్పిపోకుండ పట్టుకొనుటయందు కాదు. మందలోని గొఱ్ఱె సాయంకాలము రాకపోయిన పిమ్మట కాగడాలు పట్టి అడవికి పోవు కాపరికంటె, ప్రొద్దుననే లెక్క చూచుకొను కాపరి తెలివిగలవాడు. రెండవది, పెద్ద కేంద్రములలో పేర్లు వేలకొలదిగ నుండగా, సలహాదారు ఒక్కొక్కరికి ఈయగలిగిన కాలము కొలది నిముషములే. మందు ముగిసినదా, మరల నిండుగ పుచ్చుకొంటివా యని యడుగుటతో సంభాషణము ముగియుచున్నది. మూడవది, ఈ కార్యకర్తల జీవనమే అస్థిరము. ఏటేట ఒప్పందము, స్వల్పవేతనము, పథకము మారినపుడెల్ల కొలువు పోవునను భయము. తన రేపటిదినము తనకే తెలియని మనుష్యుడు మరియొకనికి ధైర్యము చెప్పుట యెట్లు? కార్యకర్త మారినపుడెల్ల రోగి తన రహస్యమును క్రొత్తవారికి మరల విప్పి చెప్పుకొనవలసి వచ్చుచున్నది. ఆ బాధకు వెరచి రాక మానువారును గలరు.

పరధనముపై నాధారపడుటవలని యపాయము ఇటీవల మనకు ప్రత్యక్షమైనది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము విదేశ సహాయమును హఠాత్తుగ నిలిపివేయగా, హైదరాబాదులో 2021నుండి ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు చికిత్సయు సలహాయు హెచ్.ఐ.వి. సేవలును అందించుచుండిన మిత్ర్ క్లినిక్ మూతపడవలసి వచ్చినది. సముద్రములకావల నొక కార్యాలయమున చేసిన సంతకముతో, ఇచ్చట కొన్నియేండ్లు శ్రమపడి సంపాదించిన విశ్వాసము ఒక్క దినమున చెదరినది. మన వ్యాధి నియంత్రణ కార్యక్రమమున కగు వ్యయములో అధికభాగమును మన ప్రభుత్వమే భరించుచుండుట సంతోషకరము. కాని మందులకు స్వదేశధనమును, మనుష్యులకు పరదేశధనమును అను విభాగము ఎచ్చట నుండినను తగదు. స్వదేశధనముతో నడచు మందుల సరఫరాయు లోపము లేనిది కాదు. 2022 జూలై, ఆగస్టు మాసములలో మందులు సరిగ నందుట లేదని హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు ఢిల్లీలో నాకో కార్యాలయము ముందు వారములతరబడి కూర్చుండవలసి వచ్చినది. మందే ప్రాణమైనవారు మందుకొరకు వీధిని కూర్చుండుట పరిపాలనకు శోభ నీయదు.

ఈ సేవను విస్తరింపుడని కోరినప్పుడు వచ్చు ఆక్షేపణలను మే మెరుగుదుము. వ్యయము పెరుగునని యొక యాక్షేపణ. మందు మానిన మనిషి క్షయతోనో, మెదడు వాపుతోనో వైద్యశాల చేరినపుడగు వ్యయమెంత? ఔషధమునకు లొంగని వైరసు పుట్టినపుడు వాడవలసిన ప్రియమైన మందుల వెల యెంత? తల్లికి చికిత్స లేనిచో బిడ్డకు వ్యాధి వచ్చు ప్రమాదము నూటికి 15 మొదలు 45 వరకు నుండునని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుదురు. చికిత్స సక్రమముగ జరిగినచో ఐదింటికి లోబడును. ఆ బిడ్డకు జీవితాంతము మందీయవలసిన వ్యయముతో పోల్చినచో ఒక కార్యకర్త వేతనమెంత? తమ మందు తాము పుచ్చుకొనుట రోగుల బాధ్యతయే గాని ప్రభుత్వపు బాధ్యత కాదని మరియొక యాక్షేపణ. కూలి పోవునని, ఇంటినుండి వెడలగొట్టుదురని, బడిలో బిడ్డను వేరుగ కూర్చుండబెట్టుదురని భయపడువానికి బాధ్యతను గూర్చి యుపన్యసించుట సులభము. ఆ భయమునకు కారణమైన సంఘము తన బాధ్యతను ముందు గుర్తింపవలయును.

మూడవ యాక్షేపణ మాత్రము గౌరవింపదగినది. కార్యకర్త యింటికి వచ్చుటచేతనే రహస్యము బయటపడునని అనేకులు వెరతురు. ఊరిలో ఎవరింటికి ఎవరు వచ్చిరో రచ్చబండకు తెలియక యుండదు. కావున ఈ సేవ రోగి సమ్మతితోడనే జరుగవలయును. ఎచ్చట కలిసికొనవలయునో, ఏ వేళ ఫోను చేయవలయునో, ఇంటిలో ఎవరితో మాటాడవచ్చునో, ఎవరితో కూడదో రోగియే నిర్ణయింపవలయును. 2017 చట్టము సమ్మతి లేని పరీక్షను, సమ్మతి లేని వెల్లడిని నిషేధించినది. తోడు అను పేర నిఘా పెట్టుట నిర్బంధమునకు మారురూపమే యగును. గోవాలో 1989లో జరిగినదానిని మనము మరువరాదు.

ఆ చట్టమును గూర్చి యొక మాట. 2018 సెప్టెంబరు 10వ తేదీన అమలులోనికి వచ్చిన ఈ శాసనము ఉద్యోగమున, విద్యాలయమున, వైద్యశాలలో, అద్దె యింటిలో హెచ్.ఐ.వి. కారణముగ వివక్ష చూపుటను నిషేధించుచున్నది. నూరుగురికి తక్కువ గాని సంస్థలలోను, వైద్యసంస్థలైనచో ఇరువదిమందికి తక్కువ గాని వానిలోను, ఫిర్యాదులు విచారించు అధికారిని నియమింపవలెనన్నది. ప్రతి రాష్ట్రమునకు ఒక అంబుడ్స్‌మన్ ఉండవలెననియు, ఆయన ముప్పది దినములలో తీర్పు చెప్పవలెననియు విధించినది. తలిదండ్రులను గోల్పోయిన కుటుంబములలో, పండ్రెండేండ్లు నిండి తగిన వివేకము గల అన్నయో అక్కయో తన తమ్ములకు, చెల్లెండ్రకు సంరక్షకుడుగ నుండి బడిలో చేర్చుట, బ్యాంకు లెక్క చూచుట మొదలగు పనులు చేయవచ్చునని కూడ ఆ చట్టము అంగీకరించినది. ఎంత కరుణ గల్గిన నిబంధనము! కాని పండ్రెండేండ్ల పిల్లకు ఈ హక్కు తనకు గలదని చెప్పువారెవరు? బడికి, బ్యాంకునకు వెంట వచ్చువారెవరు? తోడు లేని హక్కు గ్రంథములలోనే నిద్రించును. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టువారు, సైనిక వైద్యశాలలో ఎక్కించిన రక్తమువలన వ్యాధి సోకిన యొక వాయుసేన యుద్యోగికి కోటిన్నర రూపాయలకు పైగా పరిహార మిప్పించుచు, ఈ చట్టమును సరిగ అమలుపరచుటకు ప్రభుత్వములకు ఆదేశము లీయవలసి వచ్చినదన్నచో, చట్టము పుట్టిన ఆరేండ్లకును దాని స్థితి యెట్లుండెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున మా సూచనలను ప్రభుత్వములయెదుట నుంచుచున్నాము. మొదటిది: వ్యాధి నిర్ధారణమైన దినముననే ప్రతివారికిని ఒక కార్యకర్త పేరు, ఫోను సంఖ్య ఈయవలయును, తొలి తొంబది దినములు విడువక పలుకరింపవలయును. రాలిపోవుటకు ఆ దినములే ముఖ్యకాలము. రెండవది: అందరికి నొకే తీరు సేవ అక్కరలేదు. సంవత్సరములతరబడి మందు తప్పక, వైరసు అణగియున్నవారికి పలుమాసముల మందు ఒక్కసారిగ నిచ్చి వారి దినములు మిగుల్పవలయును. అట్లు మిగిలిన శ్రమను క్రొత్తవారికి, గర్భిణులకు, క్షయ గలవారికి, చికిత్స మాని తిరిగి వచ్చినవారికి, బాల్యమునుండి వ్యాధితో పెరిగి యౌవనమున నడుగిడినవారికి, వార్ధక్యమున మధుమేహము, రక్తపుపోటు తోడైనవారికి వినియోగింపవలయును. మూడవది: ఒక్కొక్క కార్యకర్తకు ఒప్పగింపదగిన మనుష్యుల సంఖ్యకు పరిమితి విధింపవలయును. పరిమితి లేనిచో పేరు మాత్రమే మిగులును. నాలుగవది: ఈ కొలువులకు స్థిరత్వము, గౌరవప్రదమగు వేతనము, తగిన శిక్షణము నీయవలయును, వ్యాధితో జీవించి గెలిచినవారికి వీనిలో ప్రాధాన్యము చూపవలయును. అనుభవజ్ఞుని మాట వినినంతగ అధికారి మాట ఎవరును వినరు.

ఐదవది: వలసపోవువారి యేర్పాటు. పాలమూరినుండి ముంబయికి పోవు కూలి తన మందును ఆ యూర నేచ్చట పుచ్చుకొనవలెనో బయలుదేరకముందే ఇచ్చటి కార్యకర్త విచారించి, అచ్చటి కార్యకర్తకు తెలుపవలయును. చేరినాడను వార్త వచ్చువరకు ఆ మనుష్యుడు ఇచ్చటి లెక్కలోనే యుండవలయును. ‘బదిలీ’ యను మాటతో పుస్తకము మూయరాదు. ఆరవది: పింఛనులు మొదలగు సహాయములను చికిత్సాకేంద్రమునందే, మరియొక కార్యాలయమున తన వ్యాధిని చాటుకొననక్కరలేకుండ, ఇప్పించు మార్గము చూపవలయును. తెలంగాణమున ఈ వ్యాధిగ్రస్తుల పింఛనును 2019లో 2,016 రూపాయలకును, ఆంధ్రప్రదేశమున చికిత్స పొందువారి పింఛనును 2024లో 4,000 రూపాయలకును పెంచిరి. ఇది మంచి పని. పింఛనుకు అర్హత యుండియు సిగ్గుచే అడుగనివారికి ఆ మంచి చేరుటలేదు. ఏడవది: ప్రతి జిల్లాలోను ఎంతమంది క్రొత్తగ చేరిరి, ఎంతమంది సంవత్సరాంతమున చికిత్సలో నిలిచిరి, ఎంతమంది తప్పిపోయి తిరిగి వచ్చిరి, ఎంతమంది మరణించిరి యను నాలుగు లెక్కలను, పేర్లు వెల్లడింపక, ఏటేట ప్రకటింపవలయును. మాత్రలెన్ని పంచితిమనునది గిడ్డంగి లెక్క. మనుష్యులెందరు నిలిచిరనునది పరిపాలన లెక్క.

జాతీయ నియంత్రణ కార్యక్రమముయొక్క అయిదవ దశ 2021 మొదలు 2026 వరకు నిర్ణయింపబడినది. తరువాతి దశకు సంకల్పములు చేయువారు ఈ సేవను అనుబంధముగ గాక, ఔషధముతో సమానమైన యంగముగ నెంచి, అందుకు వలయు ధనమును మన ధనాగారమునుండియే కేటాయింతురని మేము కోరుచున్నాము. మన రెండు రాష్ట్రముల శాసనసభ్యులు తమ నియోజకవర్గములలోని ఏ.ఆర్.టి. కేంద్రమును ఒక్కనాడైనను దర్శించి, అచ్చట సలహాదారు లెందరు, రోగు లెందరు, ఖాళీగ నున్న కొలువు లెన్ని యని విచారించి, సభలో ప్రశ్నింతురు గాక. డిసెంబరు మొదటి తేదీన ఎఱ్ఱ రిబ్బనులు ధరించి యూరేగుట ఒక యెత్తు. డిసెంబరు రెండవ తేదీన ఖాళీ కొలువులను నింపుట ఒక యెత్తు.

ప్రభుత్వమును మాత్రమే యని ప్రయోజనము లేదు. గాంధీ మహాత్ముడు సేవాగ్రామములో కుష్ఠువ్యాధి పీడితుడగు పర్చురే శాస్త్రిగారిని తన కుటీరము చెంతనే యుంచుకొని, స్వహస్తములతో ఒళ్లు తోమి పరిచర్య చేసినది మన జాతి చరిత్రములోనిదే. ఆనాడు కుష్ఠువును చూచి ముఖము త్రిప్పుకొన్న సంఘమే నేడు హెచ్.ఐ.వి. పేరు విని కంచము వేరు చేయుచున్నది. కలసి భుజించుటవలన, చేయి పట్టుకొనుటవలన, ఒక్క బల్లపై కూర్చుండి చదువుటవలన ఈ వ్యాధి రాదని ముప్పదియేండ్లకు పైగా చెప్పుచున్నారు. విన్నవారు విననివారికి చెప్పుట మన యందరి విధి. పొరుగువాడు వైద్యశాలకు ఏల పోవుచున్నాడని తరచి తరచి యడుగకుండుటయు ఒక సేవయే. పనివాని మందుల దినమున కూలి కోయకుండుట యజమాని చేయదగిన సేవ. బిడ్డ రహస్యమును బడి గోడ దాటనీయకుండుట ఉపాధ్యాయుడు చేయదగిన సేవ.

ఔషధమును సాధించుటకు మన శాస్త్రజ్ఞులు, కర్మాగారములు, వైద్యులు, పీడితులే స్థాపించుకొన్న సంఘములు దశాబ్దములు శ్రమించిరి. ఆ శ్రమ ఫలించుటకు మిగిలిన దూరము స్వల్పమే: మందుల కిటికీనుండి రోగి యింటివరకు. ఆ దూరమున ఆతనితో కూడ నడచుటకు, పేరు తెలిసిన, వేతనము గల, రేపును ఇచ్చటనే యుండు నొక మనుష్యుని నియమింపుమని ప్రభుత్వమును కోరుట గొంతెమ్మకోరిక కాదు. చికిత్సకు వెలియైయున్న రెండున్నర లక్షలమంది మనవారే. వారిని మరల పిలిచి తెచ్చుటకు వలయు సమస్తమును మనయొద్దనే యున్నది. కొరత సంకల్పమునకు మాత్రమే. ఆ సంకల్పము చేయుటలో ఆలసించిన ప్రతి మాసమునకును మూల్యము ప్రాణములతోనే చెల్లింపబడుచున్నదని అధికారులు గుర్తెరిగి, రాబోవు బడ్జెటులోనే ఇందుకు తగిన యేర్పాటు చేయుదురని ఆశించుచున్నాము.